బంధువులు కాని ఇద్దరు

"రత్నం, ఆ కాపీలు ఒకసారి చూసి పడెయ్" అని మా ఆయన స్నానాల గదిలోంచి కేకేశారంటే మా ఇంట్లో ఆదివారం తెల్లారినట్టే. అప్పటికి నా చేతులకి ఇడ్లీపిండి అంటుకుని ఉంటుంది. బయట వరండాలో చెప్పులు విప్పుతున్న చప్పుడు మొదలై ఉంటుంది. అందరూ కాలేజీ పిల్లలు, చేతుల్లో కాగితాల చుట్టలు, నుదుటి మీద చెమట. ఆఫీసరుగారు ఉన్నారా అని అడగడానికి కూడా భయపడుతూ ఒకళ్ల వెనక ఒకళ్లు నక్కుతుంటారు.

మా ఆయన అమరేశ్వరరావుగారు గెజిటెడ్ ఆఫీసరు. ఉద్యోగానికి అర్జీ పెట్టుకునే వాళ్లు సర్టిఫికెట్లకి నకళ్లు టైపు చేయించి, అసలుకీ నకలుకీ తేడా లేదని ఒక గెజిటెడ్ ఆఫీసరు చేత ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టించుకోవాలి. నాంపల్లి స్టేషను వెనక మా సందు మొత్తానికి అలాంటి ఆఫీసరు ఈయనొక్కరే. సంతకం ఆయనది. తేడా లేదని చూడటం నాది. అసలూ నకలూ పక్కపక్కన పెట్టుకుని, వేలుతో పట్టుకుంటూ అక్షరం అక్షరం చదివి, అంతా సరిగ్గా ఉంటే కింద ఎడమ మూల చిన్నగా 'కంపేర్డ్' అని రాస్తాను. ఆ మాట కనబడితే చాలు, ఆయన పేపరు మీద నుంచి కళ్లు తిప్పకుండానే సంతకం పెట్టేస్తారు. ఈ పద్ధతి ఆయనే నేర్పారు. వాళ్ల ఆఫీసులో గుమాస్తాలు అలాగే రాస్తారట. గుమాస్తాలు ఆ మాట కింద తమ పొడి అక్షరాలు కూడా వేసుకుంటారని మాత్రం ఆయన చెప్పలేదు. అది నాకు చాలా కాలానికి తెలిసింది.

"చదువుకున్న కోడలుంటే ఇదీ సుఖం" అని మా అత్తగారు కోటేశ్వరమ్మగారు పక్కింటి వాళ్లతో అంటారు. నాతో మాత్రం "కాగితాలెక్కడికీ పోవు గానీ, ముందు వాడికి ఇడ్లీ పెట్టవే" అంటారు. రెండూ ఆవిడ మాటలే. రెండిట్లోనూ అబద్ధం లేదు.

నిజం చెప్పొద్దూ, ఆ పని నాకిష్టం. చిన్నప్పటి నుంచీ నాకు అన్నీ తెలుసుకోవాలనే యావ. పొట్లం కట్టిన కాగితాన్ని కూడా విప్పి చదివేదాన్ని. పెళ్లయి, హైదరాబాదు వచ్చి, ఈ రెండు గదుల వాటాలో పడ్డాక నాకు ఊరు తెలిసిందల్లా ఆ సర్టిఫికెట్ల వల్లనే. ఎవరి తండ్రి ఎవరు, ఎవరు ఏ సంవత్సరం తప్పి మళ్లీ కట్టారు, ఎవరికి లెక్కల్లో నూటికి తొంభై ఆరు వచ్చాయి, అన్నీ తెలిసేవి. ఒక్కో సర్టిఫికెట్టు మీద మనిషిని గుర్తుపట్టడానికి రెండేసి పుట్టుమచ్చలు. ఎడమ మోచేతి మీద ఒకటి, కుడి చెవి కింద ఒకటి. కాగితం చదివాక వరండాలోకి తొంగిచూసి ఆ చెవెవరిదా అని వెతుక్కునేదాన్ని. మొదట్లో ఒక సందేహం నన్ను తెగ పీడించింది. ఈ దేశంలో సగం మంది జూలై ఒకటో తేదీనే ఎందుకు పుడతారు? బళ్లో వేసే రోజున పంతులుగారు తనకి తోచిన తేదీ వేసేస్తారని, పైనుండే ఇల్లుగలావిడ జయమ్మగారు చెప్పేదాకా నాకు తెలియదు. "మా ఇంట్ల ముగ్గురన్నదమ్ములదీ గదే తారీకు. మా అమ్మకు కాన్పులన్నీ ఒక్కదినమే అయినయా ఏంది?" అని నవ్వారావిడ.

నాలుగేళ్లు ఆ కాగితాలు చూసీ చూసీ నాకు ఉద్యోగాల దారులన్నీ కంఠతా వచ్చేశాయి. పిల్లలు సంతకం కోసం కూర్చున్నంతసేపూ వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి అడిగేవాళ్లు. ఈ గడిలో ఏమీ లేకపోతే గీత గియ్యాలా, 'నిల్' అని రాయాలా? నిల్ అని రాయి, గీత మీద రేపెవరైనా ఏమైనా రాసేయొచ్చు. ఫారం నాలుగు మడతలు పెట్టొచ్చా? వద్దు, పెద్ద కవరు కొనుక్కో. ఫోటో వెనక పేరు రాయి, ముందే రాసి అంటించు, అంటించాక రాస్తే కలం అచ్చు మొహం మీద పడుతుంది. "మా ఇంట్లో ట్యుటోరియల్ కాలేజీ నడుస్తోందోయ్. ప్రిన్సిపాలు దోసెలు కూడా పోస్తుంది" అని మా ఆయన స్నేహితుల దగ్గర అంటే అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. ఎందుకు నవ్వానో ఇప్పుడు ఆలోచిస్తే తెలియడం లేదు.

ఆ పిల్లల్లో శశికళ ఒక్కతే తిన్నగా వంటింట్లోకి వచ్చి పీట వాల్చుకుని కూర్చునేది. కోఠీ కాలేజీలో బి.ఏ. పూర్తి చేసింది. వాళ్ల నాన్న రామచందర్‌గారు గన్‌ఫౌండ్రీలో ఏదో ఆఫీసులో హెడ్ క్లర్కు. శశికళకి ఇంటర్వ్యూ అంటే వణుకు. అందుకని నేను చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ బోర్డు మెంబరునయ్యేదాన్ని. అది గుమ్మం బయటికెళ్లి, తలుపు కొట్టి, "మే ఐ కమిన్" అని లోపలికొచ్చేది. నాలుగేళ్ల మా ఉష కూడా దాని వెనకే వెళ్లి తలుపు కొట్టేది.

"భాక్రానంగల్ ఏ నది మీద ఉంది?"

"సట్లెజ్."

"ఈ ఉద్యోగం నీకెందుకు?"

"దేశసేవ చేసెటందుకు."

"నిజం చెప్పు."

"మా నాయిన రోజు ఆఫీసు నుంచొచ్చి శెప్తడక్కా. ఎవరేమన్నరు, ఏ ఫైలు యాడ వోయింది, ఎవరికి కోపమొచ్చింది. మేమందరం కూసోని ఇంటం. మా అమ్మను ఎవ్వరడగరు, ఇయ్యాల ఏమైందని. నాకు గూడ ఇంటికొచ్చి శెప్పెటందుకు ఏదన్న ఉండాలె."

"బోర్డు ముందు ఆ మాట చెప్పకు" అన్నాను. చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. మా ఆయన సాయంత్రం ఇంటికి రాగానే మా ఇంట్లో కూడా అంతే కదా అనుకున్నాను. ఆయన చెబుతారు, మేం వింటాం. ఈ రోజు ఎవరికి ఏ పుట్టుమచ్చ ఉందో నేనెప్పుడైనా ఎవరికైనా చెప్పానా?

1967 మార్చిలో జరిగింది చెప్పాలి. నాంపల్లిలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో టెంపరరీ టీచరు ఖాళీ పడింది. శశికళ ఆబిడ్స్‌లో ఒక టైపు షాపులో నకళ్లు కొట్టించుకుని ఒక గురువారం పొద్దున్న పరిగెత్తుకొచ్చింది. నేను ఇంట్లో లేను. ఉషకి జ్వరమొస్తే దవాఖానాకి తీసుకెళ్లాను. మా ఆయన ఆఫీసుకి బయల్దేరుతూ, గుమ్మంలో నిలబడే, చేతిలో ఫైలు మీద పెట్టి సంతకం చేసిచ్చేశారు. అసలు సర్టిఫికెట్టు అడిగింది లేదు, చదివింది లేదు. టైపు చేసినవాడు పుట్టిన సంవత్సరం నలభై ఆరుకి బదులు అరవై నాలుగు కొట్టాడు. స్కూలు వాళ్లు కాగితం తిప్పి పంపేశారు. దిద్దించుకుని తీసుకెళ్లేసరికి గడువు దాటిపోయింది.

రామచందర్‌గారు ఆ సాయంత్రం మా ఇంటికొచ్చారు. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. కాగితం బల్ల మీద పెట్టి, "సార్, మీ సంతకం లెక్కన మా బిడ్డకు ఇంక మూడేండ్లు గూడ నిండలే" అన్నారు. మొహం నవ్వుతున్నట్టే ఉంది, కళ్లు నవ్వడం లేదు.

మా ఆయన కాగితం చేతిలోకి తీసుకున్నారు. చూశారు. నేను మంచినీళ్లు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. "ఏం రత్నం, చూడలేదా?" అన్నారు నన్ను. తర్వాత రామచందర్‌గారి వైపు తిరిగి, "ఇవన్నీ మా ఆవిడ చూస్తుందండీ. ఈమధ్య పరధ్యానం ఎక్కువైపోయింది" అన్నారు.

కాగితం కింద ఎడమ మూల ఖాళీగా ఉంది. నాకు గుమ్మంలోంచే తెలిసింది. ఆయనకీ తెలుసు. ఆయన బొటనవేలు సరిగ్గా ఆ మూల మీదే ఉంది. కావాలని పెట్టారో, అలవాటుగా పడిందో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆయన వెయ్యి కాగితాల మీద ఆ మాట చూశారు, ఈ కాగితం మీద లేదు. నేను మాత్రం ఏం చేశాను? "క్షమించండి, పొరపాటైపోయింది" అన్నాను. నా నోటితోనే అన్నాను. తండ్రితో వచ్చిన శశికళ ఆయన వెనకాలే నిలబడి నన్నే చూస్తోంది. ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

వాళ్లు వెళ్లాక ఆయన నా మీద ప్రేమగానే ఉన్నారు. "పోన్లే, సమయానికి సర్దావు. ఆఫీసరు సంతకంలో తప్పుందంటే నా ఉద్యోగానికే మాట. నీకు పోయేదేముంది?" అన్నారు.

నీకు పోయేదేముంది. అన్నం వారుస్తూ ఆ మాటే అటూ ఇటూ తిప్పి చూశాను. తప్పు నాదైతే పని కూడా నాదే అయి ఉండాలి కదా. నాది కాని పనిలో నేనెలా తప్పు చేస్తాను? తప్పు చేసినప్పుడే గుర్తుకొచ్చే ఈ గుమాస్తా మరి నాలుగేళ్లుగా ఎక్కడుంది? ఎవరి మీదా అరవలేదు నేను. నాకు ముందు కోపం రాలేదు, ఆశ్చర్యం వచ్చింది. ఆ ఆశ్చర్యం తగ్గాక కోపం వచ్చింది, అది మాత్రం తగ్గలేదు.

జూన్ మొదట్లో శశికళ మళ్లీ వచ్చింది. ఢిల్లీ సర్కారు వాళ్లు హైదరాబాదులో కొత్తగా ఏదో ఆఫీసు తెరుస్తున్నారట, రికార్డు అసిస్టెంట్లు కావాలట, బి.ఏ. చాలట, ఆడవాళ్లూ పెట్టుకోవచ్చట. ఢిల్లీ వాళ్లది కాబట్టి తెలంగాణ వాళ్లమేనని రుజువు చేసే ముల్కీ సర్టిఫికెట్టు అడగరు, నాలా గుంటూరు నుంచి వచ్చిన వాళ్లకీ అభ్యంతరం లేదు. ఒకటి పాడవుతుందేమోనని రెండు ఫారాలు తెచ్చింది. "మీరు ఒకటి పెన్సిలుతోటి నింపుండ్రి అక్కా, దాన్ని సూసి నేను సిరాతోటి నింపుత" అంది. ఏ పిల్లకైనా నేను చేసేది అదే, ఒక నమూనా నింపి ఇవ్వడం. ఎప్పుడూ నమూనాలో ఏదో ఒక పేరు పెట్టేదాన్ని, ఎక్కడా లేని మనిషి పేరు. ఆ రోజు పెన్సిలు చెక్కి మొదటి గడిలో నా పేరు రాశాను. ఎందుకు రాశానంటే, ఎలా ఉంటుందో చూద్దామని.

బాగానే ఉంది. పుట్టిన తేదీ, 1941 ఆగస్టు తొమ్మిది. చదువు, బి.ఏ., సెకండ్ క్లాసు. ఆ సర్టిఫికెట్టు నా పెళ్లయిన మూడో నెలలో పోస్టులో వస్తే మా నాన్న పసుపు రాసి పంపారు. అప్పటి నుంచి ట్రంకు పెట్టె అడుగునే ఉంది. శశికళ పక్క నుంచి ప్రకటన చదువుతోంది. "ఉమ్మరు జూలై ఒకటి నాటికి ఇరవై ఆరు నిండొద్దంట." నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. నాకు ఆగస్టు తొమ్మిదికి నిండుతాయి. ముప్ఫై తొమ్మిది రోజుల తేడా. ఇంకే సర్కారు ఉద్యోగమూ ఇక నా అర్జీ ముట్టుకోదు. ఇదే మొదటిది, ఇదే ఆఖరిది. జూన్ పదో తేదీ శనివారం లోపల పోస్టులో పడాలి.

పదిహేడో గడి దగ్గర పెన్సిలు ఆగిపోయింది. అభ్యర్థిని మూడేళ్లకి తక్కువ కాకుండా ఎరిగినవారు, బంధువులు కానివారు, బాధ్యత గల ఇద్దరి పేర్లు, చిరునామాలు, వాళ్ల అభిప్రాయం, సంతకాలు. అవసరమైతే శాఖ వారు వాళ్లని నేరుగా విచారిస్తారు.

ఎన్ని వందల మందికి ఆ గడి నింపించానో. కాలేజీ ప్రిన్సిపాలు పేరు రాయి, మీ ఇంటి పక్క వకీలుగారిది రాయి అని చిటికెలో చెప్పేదాన్ని. నా వంతు వచ్చేసరికి బుర్రలో ఒక్క పేరు లేదు.

సాయంత్రం మా ఆయనకి ఫారం చూపించాను. ముందు నవ్వారు. "నమూనాకి నీ పేరే దొరికిందా?"

"నమూనా కాదండీ. పెట్టుకుందామనే."

వద్దనలేదు. ఆయన వద్దనే రకం కాదు, రూలు చెప్పే రకం. "సొంత మనుషుల కాగితాలు నేను అటెస్టు చెయ్యకూడదు. ఇంకో గెజిటెడ్ ఆఫీసరుని చూసుకోవాలి" అన్నారు. తర్వాత పదిహేడో గడికి వచ్చారు. "ఇదెవరు రాస్తారు? ఈ ఊళ్లో నిన్నెవరు ఎరుగుదురు, నా భార్యగా తప్ప?"

కోపంగా అనలేదు. ఎగతాళిగా కూడా అనలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పానన్నట్టు ఫారం నా చేతికిచ్చి రేడియో పెట్టుకున్నారు. అందుకే అంత లోతుగా దిగింది. పక్కన బియ్యం ఏరుతున్న అత్తగారు, "వాడన్నదాంట్లో అబద్ధమేముందే? నన్ను మాత్రం ఎవరెరుగుదురు?" అన్నారు. అని, చేట మీద చెయ్యి ఆపి కాసేపు అలాగే కూర్చున్నారు. ఆవిడ అలా ఊరికే కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు.

నాలుగు రోజులు అదే ఆలోచన. పనులన్నీ చేస్తూనే లోపల మనుషుల్ని ఒక్కొక్కళ్లనీ పిలిచి అడిగాను, నేనెవరో మీకు తెలుసా అని. కూరలు తెచ్చే పూలమ్మకి నేను ఆఫీసరమ్మని. డాక్టరుగారి చీటీ మీద మిసెస్ రావుని. రేషను కార్డులో ఆయన పేరు కింద రెండో వరసని. ఆయన స్నేహితులకి సిస్టర్‌ని, అందరికీ ఒక్క సిస్టర్‌నే. మొజంజాహీ మార్కెట్లో పళ్లు కొనేటప్పుడు కూడా పళ్లవాడు ధర ఆయనకి చెబుతాడు, సంచీ నాకిస్తాడు. ఇది తమాషాగా లేదూ? ఊళ్లో వాళ్ల పుట్టుమచ్చలన్నీ నాకు తెలుసు, నాకొక పేరుందని ఊళ్లో ఎవరికీ తెలియదు.

బుధవారం మధ్యాహ్నం ఉష పైనే ఆడుకుంటుంటే తీసుకురావడానికి మెట్లెక్కాను. జయమ్మగారు మంచం మీద కూర్చుని పేపరు చదువుతున్నారు. ఉర్దూ పేపరు. కళ్లద్దాలు పెట్టుకుని, పెదాలు కదపకుండా, గబగబా కళ్లు తిప్పుతూ. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

"ఏంది రత్నమ్మా, గట్ల గుడ్లప్పగించి సూస్తున్నవ్?"

"మీకు చదవడం వచ్చా?"

"రాకేం. గీ నాంపల్లి బడిల్నే ఎనిమిదో జమాత్ దాంక సదివిన. గప్పుడు మాకు తెలుగు బడి యాడిది? అంత ఉర్దూలనే. మా ఆయన వోయినంక ఇంటి కాగితాలు, కోర్టు కాగితాలు అన్ని నేనే సూసుకున్న."

అయిదేళ్లు. అయిదేళ్లుగా ఆవిడ ఇంటి కిందే ఉన్నాను. సర్టిఫికెట్టు లేని మనిషి కాబట్టి ఆవిడ గురించి నాకేమీ తెలియదు. నన్నెవరూ ఎరగరని నాలుగు రోజులుగా కుమిలిపోతున్నాను గానీ, నేనెవర్ని ఎరుగుదునని ఒక్కసారీ అడుక్కోలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే మంచం మీద ఆవిడ పక్కన కూర్చుని, ఫారం సంగతి, ఆయన అన్న మాట, అన్నీ చెప్పేశాను. మార్చి సంగతి కూడా చెప్పాను. అది బయటికి చెప్పడం అదే మొదటిసారి.

జయమ్మగారు కళ్లద్దాలు తీసి చీర చెంగుతో తుడిచారు. "నువ్వు నాకు ఎర్క లేదా? ఏం మాట గిది! పిల్లకు జరమొస్తే అందరు పాటలు పాడ్తరు, నువ్వు ఎక్కాలు శెప్తవ్. కోపమొస్తే నోరు తెరవ్వు, తోమిన గిన్నెలే మల్ల తోమ్తవ్. పరాయోళ్ల పిల్లల కాగితాలు సదివేటప్పుడు నీ మొఖం సూడాలె, గంత సంబురం. మీ ఆయనే నాకు ఎర్క లేదు. కిరాయి ఇచ్చేటప్పుడు నెలకోసారి కనబడ్తడు, గంతే. తే గా కాగితం."

"బాధ్యత గల వ్యక్తి అయి ఉండాలట."

"మున్సిపాలిటీ దఫ్తర్ల ఈ ఇల్లు నా పేరు మీదనే ఉన్నది. ఇంకేం బాధ్యత గావాలె వాళ్లకు?" అని, పదిహేడో గడిలో కుడి నుంచి ఎడమకి, ముత్యాల్లాంటి అక్షరాలతో నాలుగు వరసలు రాసి సంతకం పెట్టారు. చదివి చెప్పమన్నాను. చెప్పనన్నారు. "అడిగెటోళ్లు వస్తరు గద, వాళ్లకే శెప్త."

రెండో మనిషి సంగతి, అటెస్టేషన్ సంగతి మిగిలాయి. శశికళే దారి చెప్పింది. మార్చిలో కాగితం తిప్పి పంపిన హైస్కూలు హెడ్మిస్ట్రెస్ వసుమతిగారు గెజిటెడ్ ఆఫీసరే, వెళ్దాం పదండంది. ఎక్కడైతే నా పేరు మీద తప్పు దొరికిందో అక్కడికే ఎలా వెళ్లను? కానీ రోజులు లేవు. గురువారం మధ్యాహ్నం అత్తగారికి అన్నం పెట్టి, ఉషని పైన వదిలి, శశికళని వెంటబెట్టుకుని వెళ్లాను.

వసుమతిగారికి యాభై ఏళ్లుంటాయి. సన్నగా, నిటారుగా, ఖద్దరు చీరలో ఉన్నారు. నా అసలూ నకలూ పక్కపక్కన పెట్టుకుని, వేలు పెట్టి, అక్షరం అక్షరం చదవడం మొదలుపెట్టారు. నా కాగితాన్ని ఇంకొకరు అలా చదవడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. "మెడ మీద కుడి వైపు పుట్టుమచ్చ అని ఉంది. ఏదమ్మా?" అన్నారు. జడ పక్కకి తీసి చూపించాను. తలూపారు. వేలు కిందికి దిగుతూ దిగుతూ ఎడమ మూల దగ్గర ఆగింది.

అప్పుడు చూసుకున్నాను. టైపు షాపు నుంచి తేగానే అలవాటు కొద్దీ నా నకలు నేనే సరిచూసుకుని, నా కాగితం మీద నేనే 'కంపేర్డ్' అని రాసేసుకున్నాను. ఏ అభ్యర్థీ చెయ్యని పని. నా నకలుకి నేనే సాక్షిని! తలెత్తలేకపోయాను.

ఆవిడ లేచి, బీరువా తీసి, ఉద్యోగాలకి వచ్చిన అర్జీల లావుపాటి ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టారు. ఒక కాగితం తీశారు, ఇంకోటి తీశారు, ఇంకోటి. అన్నిటి మీదా మా ఆయన ఆకుపచ్చ సంతకం. అన్నిటి కిందా ఎడమ మూల నా దస్తూరీ.

"ఇది రాసేది మీరేనా?"

"అవునండీ."

"నాలుగేండ్ల నుంచి చూస్తున్న. ఈ మాట ఉన్న కాగితానికి నేను మళ్ల అసలు అడగను. ఎప్పుడూ తప్పు దొరకలేదు. ఆఫీసులో ఎవరో మంచి గుమాస్తా ఉన్నడు, ఇంత శ్రద్ధ గల మనిషికి ఇంక ప్రమోషన్ ఎందుకు రాలేదా అనుకునేదాన్ని." నవ్వారు. మళ్లీ ముఖం గంభీరంగా పెట్టి, "మార్చిలో ఒక అమ్మాయి కాగితం వచ్చింది. సంతకం ఉంది, ఈ మాట లేదు. అందుకే అసలు తెప్పించి చూసిన. పుట్టిన సంవత్సరమే తప్పు" అన్నారు.

శశికళ గుమ్మం దగ్గర నిలబడి అంతా వింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పైట కొంగు కోసం వెతుక్కుంటుంటే అదొచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. "మరి ఆ రోజు మీరెందుకు మాఫీ అడిగిన్రు అక్కా?" అంది. దాని వయసులో నాకూ అర్థమయ్యేది కాదు. వసుమతిగారు ఫారం తన ముందుకి లాక్కున్నారు. పదిహేడో గడిలో తన పేరు, చిరునామా రాశారు. ఎన్నాళ్లుగా ఎరుగుదురు అన్నచోట నాలుగేళ్లు అని రాశారు. అభిప్రాయం అన్నచోట, 'ఈమె సరిచూసిన కాగితంలో నాకు ఎన్నడూ తప్పు కనబడలేదు' అని రాసి సంతకం పెట్టారు.

శనివారం పదో తేదీ. పన్నెండింటికల్లా వంట ముగించి, పెన్సిలు మీద సిరాతో దిద్దిన ఫారం, నకళ్లు, ఫోటో, అన్నీ వరసగా బల్ల మీద పేర్చుకుని, కవరు మీద అడ్రసు రాస్తున్నాను. ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో వేస్తే ఈ రోజు ముద్రే పడుతుంది. రెండో శనివారం కావడంతో మా ఆయన ఇంట్లోనే ఉన్నారు. వచ్చి నా వెనక నిలబడి ఫారం చేతిలోకి తీసుకున్నారు. నాకు తెలిసి ఆయన ఒక ఫారాన్ని మొదటి గడి నుంచి చివరి దాకా చదవడం అదే మొదలు. పదిహేడో గడి దగ్గర చాలాసేపు ఆగారు. ఉర్దూ రాతని అటూ ఇటూ తిప్పి చూశారు. హెడ్మిస్ట్రెస్ రాసిన వాక్యం రెండుసార్లు చదివారు. కింద ఆ స్కూలు పేరు చదివినప్పుడు ఆయన మొహంలో మార్చి సంగతి కదిలింది. అప్పుడు నాకు జాలి కూడా వేసింది. కానీ జాలి వేసిందని క్షమాపణ మాత్రం చెప్పలేదు.

"ఈవిడ నిన్నెప్పుడు చూసింది?" అన్నారు చివరికి. గొంతు పెద్దగా లేదు. "ఆ జయమ్మగారు ఇక్కడేం రాసింది? వీళ్లకి నీ గురించి ఏం తెలుససలు?"

నేను చెప్పులు వేసుకుని, ఆయన చేతిలోంచి ఫారం మెల్లగా తీసుకుని, కవర్లో పెట్టి అంటించాను.

"నన్నడిగితే ఎలాగండీ? అది వాళ్లనే విచారించాలి. అడ్రసులు చూశారుగా" అన్నాను.